మెషీన్ ఆన్ చేస్తే నేరుగా డెస్క్‌టాప్: ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సి ఫైలు రాసుకునే పద్ధతి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఆ తర్వాత మూలన పడిపోయే కంప్యూటర్లు గోదావరి డెల్టాలో చాలానే ఉన్నాయి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫీడ్ షాపుల్లో బిల్లులు కొట్టేవి, తణుకు వైపు రైసుమిల్లుల్లో ధర్మకాటా పక్కన పెట్టినవి, కోనసీమ ఊళ్లలో గ్రంథాలయాలకు ఎవరో ఇచ్చి వెళ్లినవి. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 లేదా 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ల మాట ఇది. విండోస్ 11కి ఇవి సరిపోవు. అంతమాత్రాన పాడైపోయినట్టు కాదు. విండోస్‌కి బదులు డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సిఇ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పెడితే బిల్లులకీ, ఉత్తరాలకీ, పిల్లలు తెలుగు టైపింగ్ నేర్చుకోవడానికీ నిక్షేపంగా పనికొస్తాయి.

ఇన్‌స్టాల్ చేయడం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ తర్వాత నల్ల తెర మీద లాగిన్ అడుగుతూ నిలబడిన మెషీన్‌ని డెస్క్‌టాప్ దాకా నడిపించే చిన్న స్క్రిప్టు గురించి మాత్రం తీరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. పది పన్నెండు వరుసల ఫైలు అది. చాలామంది ఎక్కడిదో తెచ్చి అతికిస్తారు, పని చేయకపోతే వదిలేస్తారు. అందులో ఏ వరుస దేని కోసం ఆగుతుందో తెలిస్తే చాలు, ఆ ఫైలు మన చేతికి వచ్చేస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

లైట్‌డిఎం లాంటి లాగిన్ మేనేజర్ (పేరు, పాస్‌వర్డ్ అడిగి డెస్క్‌టాప్ తెరిచే ప్రోగ్రామ్) ఉంటే ఈ పని అదే చేసిపెడుతుంది. అది బాగా నడుస్తుంటే మార్చాల్సిన అవసరం లేదు. పాత మెషీన్‌లో ఒక ప్రోగ్రామ్ భారమైనా తగ్గాలనుకునేవాళ్లకి, లాగిన్ మేనేజర్ మొరాయించినా డెస్క్‌టాప్ రావాలనుకునేవాళ్లకి, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునేవాళ్లకి ఇది.

కమాండ్లు చదివే పద్ధతి

కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. పెద్ద అక్షరాలు కావలసిన చోట ఆ మాట చెబుతాను. గీతలు, చుక్కలు, కొటేషన్లు ఎలా ఉన్నాయో అలాగే కొట్టాలి. ఖాళీ కనిపించిన చోటే ఖాళీ ఇవ్వాలి. స్పెల్లింగ్ మీద అనుమానం వస్తే మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి ట్యాబ్ కీ నొక్కండి, మిగతాది సిస్టమే పూర్తి చేస్తుంది.

అసలు ఫైలు పేరు ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సి. అక్షరాలు ఎక్స్, ఐ, ఎన్, ఐ, టి, ఆర్, సి. పేరుకి ముందు చుక్క ఉండాలి. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు మామూలుగా కనిపించవు. 'ఎల్‌ఎస్ -ఎ' అని కొడితే కనిపిస్తాయి.

స్టార్ట్‌ఎక్స్ కొట్టినప్పుడు జరిగేది

తెర మీద బొమ్మ గీయడం, కీబోర్డు, మౌస్ చూసుకోవడం ఎక్స్ సర్వర్ పని. 1984లో ఎంఐటీలో మొదలైన ఎక్స్ విండో సిస్టమ్‌లో, 1987లో వచ్చిన 11వ వెర్షన్‌నే ఈ రోజుకీ వాడుతున్నాం. అందుకే ఎక్స్11 అంటారు. ఎక్స్ సర్వర్ ఒక్కటే లేస్తే ఖాళీ తెర తప్ప ఏమీ ఉండదు. కిటికీలు, ప్యానెల్, మెనూ అన్నీ వేరే ప్రోగ్రాములు. వాటిని లేపే వరుసలు ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సిలో ఉంటాయి.

స్టార్ట్‌ఎక్స్ ఒక షెల్ స్క్రిప్టు. మనం కొట్టే కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్ షెల్, అది వరుసగా నడిపే కమాండ్లున్న ఫైలు షెల్ స్క్రిప్టు. అది ఎక్స్‌ఇనిట్ అనే ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. ఎక్స్‌ఇనిట్ ముందు సర్వర్‌ని లేపి, తర్వాత మీ హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సిని నడుపుతుంది. మీ ఫైలు లేకపోతే సిస్టమ్ అందరికీ కలిపి పెట్టిన ఫైలు వాడుతుంది. ఆ స్క్రిప్టు ముగిసిన క్షణంలో సర్వర్‌ని కూడా ఆపేస్తుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. తెర ఒక్కసారి మెరిసి మళ్లీ నల్లగా అయిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

ఎక్స్11కి బదులుగా వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్. దాని మీద నడిచే డెస్క్‌టాప్‌లకి ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సితో సంబంధం లేదు. ఎక్స్‌ఎఫ్‌సిఇలో వేలాండ్ ఇంకా ప్రయోగదశలోనే ఉంది కాబట్టి, మన పాత మెషీన్లకి ఎక్స్11 దారే నమ్మకమైనది.

కావలసిన ప్యాకేజీలు

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. కోర్ 2 డ్యుయో 64 బిట్ ప్రాసెసరే, కాబట్టి ఇబ్బంది లేదు. అంతకంటే పాతదైతే ముందు ప్రాసెసర్ చూసుకోండి. ఇన్‌స్టాలర్ ఏ డెస్క్‌టాప్ కావాలని అడిగినప్పుడు అన్నీ తీసేసి, స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్ ఒక్కటే ఉంచండి.

మెషీన్ చాలా కాలం వాడకుండా పడి ఉంటే బోర్డు మీదున్న చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అప్పుడు తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే ప్యాకేజీలు దించేటప్పుడు, వెబ్‌సైట్లు తెరిచేటప్పుడు సర్టిఫికెట్ తప్పులు వస్తాయి. సీఆర్2032 బిళ్ల ఏ వాచీల షాపులో అయినా దొరుకుతుంది. పని మొదలుపెట్టే ముందే మార్చేయండి.

రూట్‌గా, అంటే సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉన్న యూజర్‌గా మారి ఇవి ఇన్‌స్టాల్ చేయండి:

    ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఆర్గ్ ఎక్స్‌ఇనిట్ ఎక్స్‌ఎఫ్‌సిఇ4 ఎక్స్‌ఎఫ్‌సిఇ4-టెర్మినల్ ఫాంట్స్-టెలు

ఆప్ట్ అక్షరాలు ఎ, పి, టి. ఎక్స్‌ఆర్గ్ అంటే ఎక్స్, ఓ, ఆర్, జి. చివరిది తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. అది లేకపోతే తెలుగు ఉండాల్సిన చోట డబ్బాలు కనిపించవచ్చు. వీటితో పాటు లాగిన్ మేనేజర్ కూడా వచ్చి, తర్వాతి బూట్‌లో అదే ముందుకొస్తుంటే ఈ కమాండ్‌తో పక్కన పెట్టవచ్చు:

    సిస్టమ్‌సిటిఎల్ సెట్-డిఫాల్ట్ మల్టీ-యూజర్.టార్గెట్

మళ్లీ కావాలనిపిస్తే మల్టీ-యూజర్ బదులు గ్రాఫికల్ అని రాస్తే పాత పద్ధతి వస్తుంది.

ఇక్కడితో రూట్ పని అయిపోయింది. బయటికొచ్చి మామూలు యూజర్‌గా లాగిన్ అవ్వండి. స్టార్ట్‌ఎక్స్‌ని రూట్‌గా గానీ, ముందు సుడో (రూట్ అధికారంతో నడిపించే కమాండ్) పెట్టి గానీ ఎప్పుడూ నడపకండి. అలా నడిపితే హోమ్ ఫోల్డర్‌లోని .ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ సొంతమైపోవచ్చు. తర్వాత మామూలు యూజర్‌గా డెస్క్‌టాప్ రాదు, కారణం వెతకడానికి పూట గడిచిపోతుంది.

మొదటి ఫైలు

ముందు ఒక్క వరుసతో మొదలుపెట్టండి. ఒకేసారి పదిహేను వరుసలు రాస్తే ఏది తప్పో తెలియదు. నానో అంటే ఫైలు రాసుకునే ప్రోగ్రామ్, ~ గుర్తు అంటే మీ హోమ్ ఫోల్డర్.

    నానో ~/.ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సి

అందులో ఇంతే రాయండి:

    ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సిఇ4

ఎగ్జెక్ అక్షరాలు ఇ, ఎక్స్, ఇ, సి. కంట్రోల్, ఓ నొక్కి, ఎంటర్ కొట్టి సేవ్ చేయండి. కంట్రోల్, ఎక్స్‌తో బయటికి రండి. ఇప్పుడు స్టార్ట్‌ఎక్స్ కొడితే ఎక్స్‌ఎఫ్‌సిఇ రావాలి. అది వచ్చేదాకా ముందుకి వెళ్లకండి.

వేరే డెస్క్‌టాప్ ఇష్టమైతే చివరి మాట మారుతుంది. మేట్‌కి మేట్-సెషన్, ఎల్‌ఎక్స్‌క్యూటీకి స్టార్ట్‌ఎల్‌ఎక్స్‌క్యూటి, ప్లాస్మాకి స్టార్ట్‌ప్లాస్మా-ఎక్స్11. పాత మెషీన్లలో నా ఓటు ఎక్స్‌ఎఫ్‌సిఇకే. 1996లో ఒలివియే ఫుర్దాన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. చాలా ఏళ్లుగా దాని తీరు పెద్దగా మారలేదు. షాపులో గుమస్తాకి ఒకసారి నేర్పితే మళ్లీ మళ్లీ నేర్పాల్సిన పని ఉండదు.

ఆగే వరుస, ఆగని వరుస

షెల్ స్క్రిప్టులో వరుసలు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఒక వరుసలో లేపిన ప్రోగ్రామ్ ముగిసేదాకా తర్వాతి వరుస కదలదు. పంట కాలువ మీద తూము తలుపు దించినట్టే: అది లేచేదాకా దిగువ చేలకి నీరు పోదు.

ఉదాహరణకి ఫైలులో ఇలా ఉందనుకోండి:

    ఎక్స్‌క్లాక్
    ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సిఇ4

ఎక్స్‌క్లాక్ గడియారం చూపించే చిన్న ప్రోగ్రామ్. దాన్ని మూసేదాకా అది నడుస్తూనే ఉంటుంది. తెర మీద ఒక మూల గడియారం, అంతే. డెస్క్‌టాప్ రాదు. ఎక్స్‌క్లాక్ పక్కన & గుర్తు పెడితే షెల్ దాన్ని వెనక నడవనిచ్చి తర్వాతి వరుసకి వెళ్లిపోతుంది.

ఇప్పుడు దీనికి ఎదురు తప్పు. స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సిఇ4 పక్కన & పెట్టారనుకోండి. షెల్ డెస్క్‌టాప్‌ని వెనక లేపి తర్వాతి వరుస కోసం చూస్తుంది. వరుసలు అయిపోయాయి. స్క్రిప్టు ముగిసింది. ఎక్స్‌ఇనిట్ సర్వర్‌ని ఆపేస్తుంది. తెర మెరిసి ఆరిపోయేది ఇలాగే.

కాబట్టి పద్ధతి ఇది. చటుక్కున పని చేసి ముగిసిపోయే కమాండ్లకి & అక్కర్లేదు. అవి ముగిశాకే తర్వాతివి మొదలవ్వడం మనకి మంచిది కూడా. ఎప్పటికీ నడుస్తూ ఉండే ప్రోగ్రాములకి & కావాలి. చివరి వరుసకి మాత్రం & ఉండకూడదు. ఆ ప్రోగ్రామ్ ఎంతసేపు బతికుంటే సెషన్ అంతసేపు ఉంటుంది.

చివరి వరుసలో ఎగ్జెక్ దేనికంటే, షెల్ తన స్థానాన్ని డెస్క్‌టాప్‌కి ఇచ్చేసి తాను తప్పుకుంటుంది. ఎగ్జెక్ లేకపోయినా డెస్క్‌టాప్ వస్తుంది. కాకపోతే స్క్రిప్టు నడిపిన షెల్ ఊరికే మెమరీలో కూర్చుంటుంది. ఇంకో సంగతి: ఎగ్జెక్ తర్వాత రాసిన ఏ వరుసా నడవదు. కొత్తగా ఏదైనా చేర్చేవాళ్లు ఫైలు అడుగున చేర్చి, పని చేయడం లేదని తల పట్టుకుంటారు. చేర్చాల్సింది ఎగ్జెక్‌కి పైనే.

పూర్తి ఫైలు

ధర్మకాటా పక్కనుండే మెషీన్ సంగతి తీసుకుందాం. ధాన్యం లారీ కాటా మీదున్నప్పుడు తెర ఆరిపోకూడదు. పాత మానిటర్ కావడంతో తెర సైజు తప్పుగా వస్తుంటుంది. దానికి ఫైలు ఇలా ఉంటుంది:

    #!/బిన్/ఎస్‌హెచ్
    [ -ఎఫ్ ~/.ఎక్స్‌రిసోర్సెస్ ] && ఎక్స్‌ఆర్‌డిబి -మెర్జ్ ~/.ఎక్స్‌రిసోర్సెస్
    డిబస్-అప్‌డేట్-యాక్టివేషన్-ఎన్విరాన్‌మెంట్ --సిస్టమ్‌డి డిస్‌ప్లే ఎక్స్‌అథారిటీ
    ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ విజిఎ-1 --మోడ్ 1024ఎక్స్768
    ఎక్స్‌సెట్ ఎస్ ఆఫ్
    ఎక్స్‌సెట్ -డిపిఎంఎస్
    ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సిఇ4

మొదటి వరుస ఇది షెల్ స్క్రిప్టు అని చెబుతుంది. రెండో దానిలో ఎక్స్‌రిసోర్సెస్ మొదటి ఎక్స్ పెద్ద అక్షరం. ఆ ఫైలు ఉంటేనే చదవమని అర్థం, లేకపోయినా నష్టం లేదు. మూడో వరుసలో డిబస్ అంటే డి, బి, యు, ఎస్. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు అది. చివరి రెండు మాటలు పూర్తిగా పెద్ద అక్షరాలు. ఏ తెర మీద పని జరుగుతోందో వెనకుండే సర్వీసులకి ఈ వరుస తెలియజేస్తుంది. కొన్ని ప్రోగ్రాములు తెరుచుకోవడానికి విపరీతంగా ఆలస్యం అవుతుంటే తరచు ఈ సమాచారం అందకపోవడమే కారణం.

నాలుగో వరుసలో అవుట్‌పుట్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మెషీన్‌ని బట్టి మారుతుంది. డెస్క్‌టాప్ వచ్చాక టెర్మినల్‌లో ఎక్స్‌రాండర్ అని మాత్రమే కొడితే పేర్లు, కుదిరే సైజులు చూపిస్తుంది. సైజులో అంకెల మధ్యనున్నది చిన్న ఎక్స్ అక్షరం. మానిటర్ తనంతట తానే సరైన సైజులో వస్తుంటే ఈ వరుస తీసేయండి. అవసరం లేని వరుస రేపు మానిటర్ మారినప్పుడు అడ్డం పడుతుంది.

ఐదు, ఆరు వరుసలు తెర ఆరిపోకుండా చూస్తాయి. ఇక్కడే చాలామందిని తికమక పెట్టే విషయం ఉంది. ఫైలులో అంతా సరిగ్గా రాసినా కాసేపటికి తెర ఆరిపోతుంది. కారణం ఏమిటంటే, మన వరుసలు ముందు నడుస్తాయి, డెస్క్‌టాప్ తర్వాత లేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సిఇ పవర్ మేనేజర్ ఇన్‌స్టాల్ అయి ఉంటే అది లేచీ లేవగానే తన సెట్టింగులు పెట్టేసుకుంటుంది. మన మాట అక్కడితో చెల్లదు. కాబట్టి తెర ఆరే సమయాన్ని పవర్ మేనేజర్ సెట్టింగుల్లోనే మార్చండి, లేదా పవర్ మేనేజర్‌ని స్టార్టప్ జాబితా నుంచి తీసేసి ఈ రెండు వరుసలు ఉంచండి. రెండింటిలో ఒకటే ఎంచుకోండి.

కీబోర్డు లేఅవుట్‌కీ ఇదే వర్తిస్తుంది. నేను పాటించే నియమం ఏమిటంటే, డెస్క్‌టాప్ సెట్టింగుల్లో చోటున్న ప్రతి విషయాన్నీ అక్కడే మార్చడం, దానికంటే ముందు జరగాల్సినవే స్క్రిప్టులో రాయడం. ఫైలు చిన్నగా ఉంటే తర్వాత చూసేవాళ్లకి కూడా అర్థమవుతుంది.

తెలుగు టైపింగ్

దీనికి రెండు దారులున్నాయి. ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటున్నవాళ్లకి ఎక్స్‌లోనే ఉన్న తెలుగు లేఅవుట్ చాలు:

    సెట్‌ఎక్స్‌కెబిమ్యాప్ -లేఅవుట్ యుఎస్,ఐఎన్ -వేరియంట్ ,టెల్ -ఆప్షన్ జిఆర్‌పి:ఆల్ట్_షిఫ్ట్_టాగిల్

టెల్ అంటే టి, ఇ, ఎల్. దాని ముందున్న కామా వదలకూడదు. ఇంగ్లీషు లేఅవుట్‌కి వేరియంట్ ఏమీ లేదని ఆ కామా అర్థం. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకీ తెలుగుకీ మారుతుంది. ఎక్స్‌ఎఫ్‌సిఇ కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ ట్యాబ్‌లో సిస్టమ్ డిఫాల్ట్స్ వాడే గడికి టిక్ ఉండాలి. లేకపోతే పైన చెప్పినట్టే డెస్క్‌టాప్ తన లేఅవుట్ పెట్టేస్తుంది.

అమ్మ అని రావడానికి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటున్నవాళ్లకి, ఆ అక్షరాలని తెలుగులోకి మార్చే ఐబస్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఐబస్, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసి, ఎగ్జెక్ వరుసకి పైన ఇవి చేర్చండి:

    ఎక్స్‌పోర్ట్ జిటికె_ఐఎం_మాడ్యూల్=ఐబస్
    ఎక్స్‌పోర్ట్ క్యూటి_ఐఎం_మాడ్యూల్=ఐబస్
    ఎక్స్‌పోర్ట్ ఎక్స్‌మాడిఫయర్స్=@ఐఎం=ఐబస్
    ఐబస్-డీమన్ -డిఆర్‌ఎక్స్

మొదటి మూడు వరుసల్లో మొదట వచ్చే = గుర్తుకి ఎడమ వైపున్న పేర్లు పూర్తిగా పెద్ద అక్షరాలు, కుడి వైపువి చిన్నవి. = కి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. నాలుగో వరుసలో & లేదు, గమనించండి. డి ఆప్షన్ ఇస్తే ఐబస్ తనే వెనక్కి వెళ్లిపోతుంది, షెల్‌ని ఆపదు. డీమన్ స్పెల్లింగ్ డి, ఎ, ఇ, ఎం, ఓ, ఎన్. తర్వాత ఐబస్ సెట్టింగుల్లో తెలుగు పద్ధతుల జాబితా నుంచి నచ్చినది ఎంచుకోండి. గ్రంథాలయంలో అయితే ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ (ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతి) రెండూ ఐబస్‌లోనే పెట్టండి. పెద్దవాళ్లు ఒకటి, పిల్లలు ఒకటి వాడుకుంటారు. ఐబస్ పెట్టినప్పుడు సెట్‌ఎక్స్‌కెబిమ్యాప్ వరుస తీసేయండి. రెండూ కీబోర్డు మీద పెత్తనం చేస్తే ఏ కీకి ఏ అక్షరం వస్తుందో తెలియకుండా పోతుంది.

ఈ తెలుగు భాగాన్ని దయచేసి దాటేయకండి. బిల్లులు ఇంగ్లీషులో కొట్టుకునే షాపులో కూడా రైతు పేరు, ఊరి పేరు తెలుగులో సరిగ్గా పడితే చదువుకునే రైతుకి ఎంతో తేడా.

డెబియన్‌లో ఒక మెలిక

డెబియన్, ఉబుంటుల్లో సిస్టమ్ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సి ఇంకో పెద్ద స్క్రిప్టుని పిలుస్తుంది. ఆ స్క్రిప్టు ఎక్స్‌రిసోర్సెస్ చదవడం, డిబస్‌కి సమాచారం అందించడం లాంటివి తనే చేసి, చివర మీ హోమ్‌లోని .ఎక్స్‌సెషన్ ఫైలుని నడుపుతుంది. మీరు సొంతంగా ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సి రాస్తే ఆ సౌకర్యమంతా పక్కకి పోతుంది. అందుకే పై ఫైలులో రెండు, మూడు వరుసలు మనమే రాసుకున్నాం.

డెబియన్ ఒక్కటే వాడేవాళ్లకి నా సలహా: ఒక్కో వరుసా అర్థమై, ఫైలు సరిగ్గా నడిచాక దాని పేరు మార్చేయండి.

    ఎంవి ~/.ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సి ~/.ఎక్స్‌సెషన్

రెండు, మూడు వరుసలు తీసేయవచ్చు. స్టార్ట్‌ఎక్స్ మామూలుగానే పని చేస్తుంది. రేపు లాగిన్ మేనేజర్ పెట్టుకుని, అందులో డిఫాల్ట్ ఎక్స్‌సెషన్ ఎంచుకున్నా ఇదే ఫైలు నడుస్తుంది. పాత పేరుతో ఇంకో కాపీ మాత్రం ఉంచకండి. అది ఉంటే స్టార్ట్‌ఎక్స్ దాన్నే తీసుకుంటుంది, ఎక్స్‌సెషన్‌లో ఏం మార్చినా ఫలితం కనిపించదు.

లాగిన్ అవగానే డెస్క్‌టాప్

ప్రతిసారీ స్టార్ట్‌ఎక్స్ కొట్టమంటే షాపులో ఎవరూ వినరు. హోమ్ ఫోల్డర్‌లోని .ప్రొఫైల్ ఫైలు చివర ఇది చేర్చండి:

    ఇఫ్ [ -జెడ్ "$డిస్‌ప్లే" ] && [ "$(టిటివై)" = "/డెవ్/టిటివై1" ]; దెన్
        స్టార్ట్‌ఎక్స్
    ఎఫ్‌ఐ

డిస్‌ప్లే పెద్ద అక్షరాలు. చదరపు బ్రాకెట్ల లోపల రెండు వైపులా ఖాళీ తప్పనిసరి. ఇప్పటికే డెస్క్‌టాప్‌లో లేము, పైగా మొదటి కన్సోల్‌లో (అక్షరాలు మాత్రమే కనిపించే నల్ల తెరలో) లాగిన్ అయ్యాం అంటేనే స్టార్ట్‌ఎక్స్ నడపమని దీని అర్థం. రెండో షరతు చాలా విలువైనది. ఏదైనా తేడా వచ్చినప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి రెండో కన్సోల్‌లో లాగిన్ అయితే అక్కడ డెస్క్‌టాప్ లేవదు. ఫైలు సరిచేసుకునే చోటు మిగులుతుంది.

హోమ్‌లో .బ్యాష్_ప్రొఫైల్ అనే ఫైలు ఉంటే బ్యాష్ దాన్ని చదివి .ప్రొఫైల్‌ని వదిలేస్తుంది. అది ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే ఈ వరుసలు అందులోనే రాయండి.

పరీక్ష అంతా అయ్యాక స్టార్ట్‌ఎక్స్ ముందు ఎగ్జెక్ చేర్చండి. ఇది భద్రత కోసం. ఎగ్జెక్ లేకపోతే డెస్క్‌టాప్ వెనక మొదటి కన్సోల్‌లో మీ లాగిన్ అలాగే తెరిచి ఉంటుంది. తెరకి లాక్ వేసి భోజనానికి వెళ్లినా, ఎక్స్ ఎలాగైనా ఆగిపోతే పాస్‌వర్డ్ లేకుండానే మీ షెల్ ఇంకొకరి చేతికి వచ్చేస్తుంది. ఎగ్జెక్ ఉంటే డెస్క్‌టాప్ పోగానే లాగిన్ కూడా పోతుంది. పరీక్ష దశలో మాత్రం వద్దు. ఎక్స్ లేవకపోతే దాని సందేశం చదివే లోపే లాగిన్ తెర వచ్చేస్తుంది.

పాస్‌వర్డ్ అడగకుండా, కరెంటు వచ్చాక తనంతట తానే

గ్రంథాలయం మెషీన్‌కి పాస్‌వర్డ్ అడగకపోవడమే మేలు. లెక్కలున్న ఫీడ్ షాపు, మిల్లు మెషీన్లకి ఇది చేయకండి. రూట్‌గా 'సిస్టమ్‌సిటిఎల్ ఎడిట్ గెట్టి@టిటివై1' అని కొట్టి, తెరుచుకున్న ఫైలులో ఇవి రాయాలి:

    [సర్వీస్]
    ఎగ్జెక్‌స్టార్ట్=
    ఎగ్జెక్‌స్టార్ట్=-/ఎస్‌బిన్/ఎగెట్టి --ఆటోలాగిన్ పాఠకులు --నోక్లియర్ %ఐ $టర్మ్

సర్వీస్‌లో మొదటి అక్షరం పెద్దది. ఎగ్జెక్‌స్టార్ట్‌లో మొదటి ఇ, మధ్యలో ఎస్ పెద్దవి. పాఠకులు అన్న చోట మీ యూజర్ పేరు ఇంగ్లీషులో రాయండి. %ఐలో ఐ పెద్ద అక్షరం, టర్మ్ అంతా పెద్ద అక్షరాలు. గెట్టి అంటే జి, ఇ, టి, టి, వై. ఎగెట్టికి ముందు ఒక ఎ చేరుతుంది. ఖాళీగా ఉన్న రెండో వరుస అనవసరం అనిపిస్తుంది గానీ, పాత ఆదేశాన్ని తుడిచేసేది అదే. అది లేకపోతే కొత్తది పట్టదు.

తుపాను గాలులకి కరెంటు పోయి వచ్చాక మెషీన్ తనే ఆన్ అవ్వాలంటే బయోస్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) ఏసీ పవర్ లాస్ లాంటి పేరుతో ఉన్న ఆప్షన్‌ని పవర్ ఆన్‌కి మార్చాలి. యూపీఎస్ లేని చోట నేను దీన్ని పెట్టమనను. కరెంటు వచ్చి పోతూ ఉంటే మెషీన్ సగం లేచి పడిపోతూ ఉంటుంది, హార్డ్‌డిస్కుకి అది ఏమాత్రం మంచిది కాదు.

తేడా వస్తే

ముందుగా ఫైలులో రాతతప్పులు ఉన్నాయేమో నడపకుండానే చూడవచ్చు: 'ఎస్‌హెచ్ -ఎన్ ~/.ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సి'. ఏమీ చెప్పలేదంటే రాత సరిగ్గానే ఉంది. తర్వాత సందేశాలన్నీ ఒక ఫైలులోకి పట్టండి:

    స్టార్ట్‌ఎక్స్ > ~/ఎక్స్.లాగ్ 2>&1

తెర ఆరిపోయాక ఆ ఫైలుని 'లెస్' కమాండ్‌తో చదవండి. ఎక్స్ సర్వర్ సొంత లాగ్ హోమ్‌లోని .లోకల్/షేర్/ఎక్స్‌ఆర్గ్ ఫోల్డర్‌లో గానీ, /వార్/లాగ్‌లో గానీ ఉంటుంది. అందులో బ్రాకెట్ల మధ్య రెండు పెద్ద ఇ అక్షరాలున్న వరుసలే అసలు తప్పులు.

ఫైలుని విండోస్ మెషీన్‌లో రాసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చారా? అక్కడ ప్రతి వరుస చివర కంటికి కనిపించని అదనపు గుర్తు ఒకటి చేరుతుంది. పేరు సరిగ్గానే ఉన్నా ప్రోగ్రామ్ దొరకలేదని షెల్ అంటుంది. డాస్2యునిక్స్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఫైలు మీద ఒకసారి నడిపితే పోతుంది.

నిన్నటిదాకా బాగా నడిచి ఈ రోజు హఠాత్తుగా రాకపోతే స్క్రిప్టుని కదపకండి. 'డిఎఫ్ -హెచ్' కొట్టి డిస్కు నిండిపోయిందేమో చూడండి. హోమ్‌లో ఒక చిన్న ఫైలు రాయడానికి కూడా చోటు లేకపోతే సెషన్ మొదలవదు. చోటుంటే 'ఎల్‌ఎస్ -ఎల్ ~/.ఎక్స్‌అథారిటీ' చూడండి. ఫైలు పేరులో ఎక్స్ పెద్దది. యజమాని రూట్ అని కనిపిస్తే రూట్‌గా ఆ ఫైలు తీసేయండి, తర్వాతిసారి కొత్తది తయారవుతుంది.

ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకి

ఫ్రీబీఎస్‌డీ లినక్స్ లాంటిదే మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. సూత్రం అంతా ఇదే, కొన్ని పేర్లు మారతాయి. 'పికెజి ఇన్‌స్టాల్ ఎక్స్‌ఆర్గ్ ఎక్స్‌ఎఫ్‌సిఇ' తర్వాత 'సిస్‌ఆర్‌సి డిబస్_ఎనేబుల్=ఎస్' కొట్టాలి, ఇందులో ఎస్ అంటే పెద్ద అక్షరాల్లో వై, ఇ, ఎస్. యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చాలి. ఇంటెల్ గ్రాఫిక్స్‌కి డిఆర్‌ఎం-కెమాడ్ ప్యాకేజీ కావాలి. ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సిలో ఒకే వరుస, మొదట చుక్క, తర్వాత ఖాళీ:

    . /యుఎస్‌ఆర్/లోకల్/ఈటిసి/ఎక్స్‌డిజి/ఎక్స్‌ఎఫ్‌సిఇ4/ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సి

ఈటిసి అక్షరాలు ఇ, టి, సి. పైన రాసిన ఎక్స్‌పోర్ట్, ఎక్స్‌సెట్ వరుసలు కావాలంటే దీనికి ముందే రాయండి. సిస్టమ్‌డి అన్న మాట ఉన్న వరుస ఇక్కడ వద్దు, ఫ్రీబీఎస్‌డీలో సిస్టమ్‌డి ఉండదు.

ఇంకో మెషీన్‌కి కాపీ చేసేటప్పుడు

ఒక మెషీన్‌లో కుదిరిన ఫైలు పక్క ఊరి మెషీన్‌కి కూడా దాదాపు సరిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లేటప్పుడు పేరు ముందు చుక్క తీసేసి కాపీ చేసుకుంటే ఫైలు కనబడలేదన్న గొడవ ఉండదు. అక్కడ హోమ్‌లో పెట్టాక చుక్క చేర్చండి. కాపీ చేయడం ఆ యూజర్‌గానే చేయాలి. రూట్‌గా చేస్తే తర్వాత ఆ యూజర్ దాన్ని మార్చుకోలేడు. ఎక్స్‌రాండర్ వరుసలో అవుట్‌పుట్ పేరు, ఆటోలాగిన్‌లో యూజర్ పేరు, .ప్రొఫైల్‌లోని ఇఫ్ వరుసలు, ఈ మూడూ ప్రతి మెషీన్‌లో విడిగా చూసుకోవాలి. ముందు కొత్త మెషీన్‌లో ఎగ్జెక్ వరుస ఒక్కటే ఉంచి డెస్క్‌టాప్ రప్పించండి, తర్వాత మిగతా వరుసలు ఒక్కొక్కటే తెరిచి స్టార్ట్‌ఎక్స్ నడపండి. తెరవని వరుసల ముందు # గుర్తు పెడితే షెల్ వాటిని చదవదు.